విషముష్టి మందెలా అయింది?

మూలికలు అమ్మే దుకాణంలో బూడిదరంగు బొత్తాముల్లాంటి గింజలు ఎప్పుడైనా చూశారా? ఇంచుమించు రూపాయి బిళ్ళంత ఉంటాయి. పైన పట్టులాంటి నూగు మెరుస్తుంటుంది. అవి ముష్టి గింజలు. (అడుక్కునే ముష్టి కాదండోయ్!) ఈ చెట్లు మన తూర్పు కనుమల అడవులలోనూ పెరుగుతాయి. పండు చూడడానికి నారింజలా ఉంటుంది. గింజ మాత్రం పరమ చేదు, పైగా ప్రాణం తీసే విషం. సంస్కృతంలో దీని పేరే విషముష్టి. అయినా ఆయుర్వేద వైద్యులు ఎన్నో తరాలుగా నరాల బలహీనతకు, కీళ్ళ నొప్పులకు, ఆకలి మందగించినప్పుడు దీనిని మందులలో వాడుతున్నారు. విషం మందెలా అయింది?

ముందు ఆ విషం ఏం చేస్తుందో చూద్దాం. మీ మోచేతిని గట్టిగా మడవండి. దండచేయి ముందువైపు కండరం బిగుసుకుంది కదూ? రెండో చేత్తో వెనుకవైపు తాకండి. అక్కడి కండరం మెత్తగా ఉంది. రెండూ ఒకేసారి బిగుసుకుంటే చెయ్యి కదలదు. అందుకని ఒక కండరానికి ‘బిగుసుకో’ అని ఆజ్ఞ వెళ్ళినప్పుడు, దాని ఎదురు కండరానికి వెళ్ళే ఆజ్ఞను వెన్నుపాము ఆపుతుంది. ఇలా ఆపడానికి తోడ్పడే రసాయనం గ్లైసిన్. సైకిలుకు బ్రేకులాంటిదన్నమాట. ముష్టి గింజలోని స్ట్రిక్నిన్ అనే పదార్థం గ్లైసిన్ పని చేయవలసిన చోటికి చేరి, దానిని పని చేయనివ్వదు. బ్రేకు పడదు. కండరాలన్నీ ఒక్కసారిగా బిగుసుకుంటాయి. శరీరం విల్లులా వంగిపోతుంది. ఊపిరి తీసుకునే కండరాలూ బిగుసుకుంటే ప్రాణం పోతుంది. పాపం, రోగికి తెలివి మాత్రం ఉంటుంది!

ఈ స్ట్రిక్నిన్‌ను 1818లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు పెల్టియే, కావెంతూ వేరుచేశారు. 1820లో మలేరియా మందు క్వినైన్‌ను వేరుచేసిందీ వీరే.

దాని పేరు తెలియని రోజుల్లోనే మన వైద్యులు పచ్చి గింజను నేరుగా మందులో వేసేవారు కాదు. ముందు ‘శోధన’ చేసేవారు. గింజలను గోమూత్రంలో ఏడు రోజులు నానబెట్టాలి. రోజూ పాతది పారబోసి కొత్తది పోయాలి. తరవాత వాటిని గుడ్డలో మూటకట్టి, కుండ మీద అడ్డంగా పెట్టిన కర్రకు వేలాడదీసి, ఆవుపాలలో మూడు గంటలు ఉడికించాలి. మూట ఉయ్యాలలా వేలాడుతుంది కనుక దీనిని డోలాయంత్రం అన్నారు. ఆ పైన తోలు ఒలిచి, నేతిలో వేయించి పొడి చేస్తారు.

ఇదంతా వట్టి ఆచారమేనా? ప్రయోగశాలల్లో శోధనకు ముందూ తరవాతా గింజలను పరీక్షించి చూశారు. శోధించిన వాటిలో స్ట్రిక్నిన్ తగ్గింది. కొంత ఆ ద్రవంలోకి, పాలలోకి దిగిపోతుంది. వేడికి కొంత వేరే పదార్థాలుగా మారుతుంది. గోమూత్రాన్ని రోజూ ఎందుకు మార్చమన్నారో ఇప్పుడు తెలిసిందా? ఆ ఉడికించిన పాలు పిల్లికి కూడా పోయకూడదు సుమా!

అయితే తగ్గిందన్నానే కాని, పోయిందనలేదు. ఎంత మిగిలిందో రంగును బట్టి, రుచిని బట్టి చెప్పలేం. అందుకే మన దేశపు ఔషధ నిబంధనలలో ఉన్న ఆయుర్వేద విషద్రవ్యాల పట్టికలో ముష్టిని చేర్చారు. అటువంటి మందుల మీద వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఉండాలి. ఇంట్లో ఎవరైనా గింజలు కొనుక్కొచ్చి తామే నూరుకుంటామంటే ఈ సంగతి చెప్పండి.

పాశ్చాత్య వైద్యులూ ఒకప్పుడు స్ట్రిక్నిన్‌ను బలానికి ఇచ్చేవారు. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ ఒలింపిక్సులో థామస్ హిక్స్ అనే మారథాన్ పరుగువీరునికి దారిలోనే స్ట్రిక్నిన్, గుడ్డు తెల్లసొన, బ్రాందీ ఇచ్చారు. చివరికి ఇద్దరు పట్టుకుంటే తప్ప నిలబడలేకపోయాడు. ముందుగా వచ్చినవాడు కొంత దూరం కారెక్కి వచ్చాడని తేలడంతో బహుమతి హిక్స్‌కే దక్కింది. నన్నడిగితే, అతను బతికి బయటపడడమే అసలు గెలుపు! తరవాత ఆధునిక వైద్యం దీనిని వదిలేసింది. మేలు జరుగుతుందని రుజువు కాలేదు. వైద్యులు ఇచ్చే మోతాదుకు, ప్రాణం తీసే మోతాదుకు మధ్య దూరమూ చాలా తక్కువ. నేడు క్రీడలలో ఇది నిషిద్ధ పదార్థం.

ఎవరైనా పొరపాటున ముష్టి గింజ తింటే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. స్ట్రిక్నిన్‌కు ప్రత్యేకమైన విరుగుడు లేదు. రోగిని చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్న గదిలో పడుకోబెడతారు. ఎందుకంటే తలుపు చప్పుడైనా చాలు, కండరాలు మళ్ళీ బిగుసుకుంటాయి. డయాజిపామ్ వంటి మందు ఇస్తారు. అది గ్లైసిన్ పనిని చక్కదిద్దలేదు. కాని మన నాడీమండలంలో గాబా అనే మరో బ్రేకు ఉంది; దానికి బలం చేకూరుస్తుంది. ఊపిరి ఆడకపోతే యంత్రం సాయంతో శ్వాస అందిస్తూ, విషాన్ని శరీరం వదిలించుకునేదాకా కాపు కాస్తారు.