480 మంది అభ్యర్థులు, ఒక్క బిందె నీళ్లు

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ ఓటరు చేతికి వచ్చింది బ్యాలెట్ కాగితం కాదు, బ్యాలెట్ పుస్తకం. సీటు ఒక్కటే, బరిలో 480 మంది. పేర్లు, గుర్తులు ఒక్క కాగితంలో పట్టక పుస్తకంలా అచ్చు వేయాల్సి వచ్చింది. ఏర్పాట్లకు సమయం చాలక పోలింగ్‌నే వాయిదా వేశారు. ఓటరు ఒక్కొక్క పేజీ తిప్పుకుంటూ తనకు కావలసిన గుర్తు వెతుక్కున్నాడు.

ఆ 480 మందిలో చాలామందికి ఢిల్లీ వెళ్లాలన్న ఆశ లేదు. దుశర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి పిలుపుతో, తలా 500 రూపాయల డిపాజిట్ కట్టి నామినేషన్ వేశారు. వాళ్లు అడిగింది పదవి కాదు, కృష్ణా నీళ్లు. తాగితే నడుము వంగని, పళ్లు గారపట్టని నీళ్లు. సీపీఐ నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. 477 మందికి డిపాజిట్ పోయింది.

అదే ఏడాది తమిళనాడులోని మొడకురిచి అసెంబ్లీ స్థానంలో వెయ్యి మందికి పైగా పోటీ చేశారు. ఇలాంటివి చూశాక పార్లమెంటు వెంటనే చట్టం మార్చింది. లోక్‌సభ జనరల్ స్థానాలకు డిపాజిట్ 10,000 అయింది, స్వతంత్ర అభ్యర్థిని ప్రతిపాదించడానికి పదిమంది కావాలన్నారు. డిపాజిట్ పెంచడానికి నెలలు సరిపోయాయి. నీళ్లు రావడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది.

నల్లగొండ దారినే 2019లో నిజామాబాద్ రైతులు పట్టారు. పసుపు బోర్డు కోసం వాళ్లు బరిలో దిగితే అభ్యర్థుల సంఖ్య 185కు చేరింది, ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరసగా పెట్టాల్సి వచ్చింది. ఓటుతో నిరసన తెలపడం తెలుగు నేలకు బాగా తెలిసిన పనే. ఆ నిరసన సద్దుమణిగాక, గెలిచినవాళ్లను ఏ లెక్కతో నిలదీయాలో మాత్రం ఇంకా నేర్చుకోవాల్సి ఉంది. పరిషత్ ఎన్నికలు రావాల్సి ఉన్న ఈ సమయంలో ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు, నారాయణపూర్, చౌటుప్పల్ వైపు ఓటరుకు ఆ లెక్క అవసరం.

రాయిలో పుట్టి, ఎముకలో చేరి

ఈ నేల కింద ఉన్నది గ్రానైట్. అందులోని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ. చెరువులు పూడి, పైనున్న ఊట తగ్గిన కొద్దీ బోరు లోతుకు వెళ్లింది. లోతులో నీళ్లు రాతిని అంటిపెట్టుకొని ఏళ్ల తరబడి ఉంటాయి, ఆ రాతిలోని ఫ్లోరైడ్‌ను తమలో కలుపుకుంటాయి. అందుకే పాత చేదబావి నీళ్లు తాగిన తాతకంటే, లోతు బోరు నీళ్లు తాగిన మనవడికి ఎక్కువ ముప్పు రావచ్చు.

తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని భారత ప్రమాణాల సంస్థ అంటుంది. వేరే దిక్కు లేకపోతే ఒకటిన్నర దాకా సరిపెట్టుకోవచ్చు. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే మొదట పళ్ల మీద కనిపిస్తుంది. ముందు సున్నం రాసినట్టు తెల్ల మచ్చలు, తర్వాత పసుపు, గోధుమ చారలు. ఆ తర్వాత వంతు ఎముకలది. మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాలి. కింద కూర్చుంటే లేవడానికి ఇంకొకరి చెయ్యి కావాలి. నడుము వంగి గట్టిపడితే మళ్లీ నిటారు కాదు. దీన్ని నయం చేసే మందు లేదు. మంచి నీళ్లు, క్యాల్షియం ఉన్న తిండి ముందే అందించాలి, అంతే.

జనం ఫ్లోరిన్ నీళ్లు అని పిలుచుకునే వీటికి రంగు లేదు, వాసన లేదు. నోటికి తేడా తెలియదు. కాచి చల్లార్చినా పోదు. ఆవిరైపోయేది నీరే కనుక, మరిగించిన కొద్దీ మిగిలిన నీళ్లలో ఫ్లోరైడ్ మోతాదు ఇంకా పెరుగుతుంది.

పేరు మనది, మందు ఊరూరికి అందలేదు

మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించింది 1937లో, నేటి ప్రకాశం జిల్లా పల్లెల్లో. నల్లగొండ వైపు కూడా నిజాం కాలంలోనే బయటపడింది. తర్వాత నాగపూర్‌లోని పరిశోధన సంస్థ నీరి శాస్త్రవేత్తలు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతి కనిపెట్టారు. దాని పేరే నల్లగొండ టెక్నిక్. ఆ పేరుతోనే అది ఆఫ్రికా దేశాల దాకా వెళ్లింది. అయితే నీటిలో ఫ్లోరైడ్ ఎంత, క్షారం ఎంత అని చూసుకొని పటిక మోతాదు మార్చుతూ ఉండాలి, అడుగున చేరిన మడ్డిని తీసేయాలి. రోజూ ఆ పని చేసే మనిషి, ఆ మనిషికి జీతం, సామాను కొనడానికి డబ్బు లేని ఊళ్లలో ఆ పద్ధతి ఎక్కువకాలం నిలవదు.

మరోపక్క, నాగార్జునసాగర్ వెనుక జలాలను ఎత్తి నింపే అక్కంపల్లి రిజర్వాయరు ఈ జిల్లాలోనే ఉంది. అక్కడి నీళ్లు కోదండాపూర్‌లో శుద్ధి అయి, 2004 నుంచి వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో హైదరాబాద్ చేరుతున్నాయి. జిల్లాలోని కొన్ని ఊళ్లకు కూడా తర్వాత అందులోంచే ఇచ్చారు. ముందు పట్నం, తర్వాత పల్లె అన్న క్రమాన్ని ఈ ఊళ్లవాళ్లు రోడ్డు పక్కన పెద్ద పైపులు చూస్తూనే నేర్చుకున్నారు.

1996లో అడిగిన కృష్ణా నీళ్లను తేవాల్సిన శ్రీశైలం ఎడమగట్టు కాలువ సంగతి చూస్తే, సుమారు 44 కిలోమీటర్ల సొరంగానికి 2005లో ఒప్పందం కుదిరింది. గడువులు మారాయి, ప్రభుత్వాలు మారాయి. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. వాళ్లలో ఎవరూ బతికి బయటపడలేదు. ఆ నీళ్ల కోసం నామినేషన్ వేసినవాళ్ల మనవళ్లకు ఇప్పుడు ఓటు హక్కు వచ్చింది. సొరంగం మాత్రం ఇంకా పూర్తి కాలేదు.

కుళాయి వచ్చింది, మరి గొంతులోకి?

మిషన్ భగీరథతో పెద్ద మార్పు వచ్చింది, దాన్ని కాదనకూడదు. 2015లో చౌటుప్పల్‌లోనే పైలాన్ కట్టారు. నది నీళ్లు శుద్ధి అయి ఊరి ట్యాంకులోకి, అక్కడి నుంచి ఇంటి కుళాయిలోకి వచ్చాయి. ఫ్లోరైడ్ బాధిత ఆవాసాలు తెలంగాణలో లేవని 2020లో కేంద్రం లెక్క చెప్పింది.

అయితే ఆ లెక్క ఆవాసాలది. ఇంటి లెక్క వేరుగా ఉండొచ్చు. ఒక వంటింట్లోకి తొంగి చూడండి. మూలన ఇరవై లీటర్ల నీలం క్యాన్, అది తాగడానికి. పొయ్యి పక్కన స్టీలు బిందె, అందులోవి అన్నానికి, పప్పుకు, చాయ్‌కి. కుళాయి నీళ్లకు బ్లీచింగ్ వాసన వస్తుందని, టైముకు రావని క్యాన్ కొనేవాళ్లు ఉన్నారు. పైపు పగిలి రెండు రోజులు రాకపోతే బిందె బోరు దగ్గరికే వెళ్తుంది. క్యాన్ నీళ్లు కూడా చాలాచోట్ల బోరు నుంచి తీసి యంత్రంలో వడపోసినవే. వడపోత పొరను సరిగా మార్చితే ఫ్లోరైడ్ పోతుంది, మార్చకపోతే ఎంత పోతోందో కంటికి కనబడదు. తాగే నీళ్లను కొనుక్కున్న ఇల్లు, వండుకున్న నీళ్ల ద్వారా ఫ్లోరైడ్‌ను తింటూ ఉండొచ్చు.

2022 నవంబర్ 3న మునుగోడు ఉప ఎన్నిక జరిగింది. రాష్ట్రంలోని పెద్ద నాయకులంతా అక్కడే మకాం వేశారు. పోలింగ్ 93 శాతం దాటింది. ఫ్లోరైడ్ పోయిందని ఒకరు, పోలేదని ఇంకొకరు మైకుల్లో వాదించుకున్నారు. ఆ హోరులో మా ఊరి నీళ్లలో ఎంత ఉంది అన్న చిన్న ప్రశ్నకు చోటు దొరకలేదు.

ఎవరిని ఏం అడగాలి

నీళ్ల బాధ్యత ఒక్కరిది కాదు. అందుకే తప్పించుకోవడం అందరికీ తేలిక. ఎవరి వాటా ఎంతో ముందు తెలుసుకోవాలి.

ఊరి ట్యాంకు దాకా నీళ్లు తేవడం మిషన్ భగీరథ శాఖ పని. ట్యాంకు నుంచి ఇంటి దాకా పంచడం, ట్యాంకు కడిగించడం, లీకులు కట్టించడం పంచాయతీ పని. కాబట్టి సర్పంచ్‌ను సొరంగం గురించి అడగడం దండగ, వాల్వు ఎవరు తిప్పుతున్నారు, ట్యాంకు చివరిసారి ఎప్పుడు కడిగారు అని అడగాలి. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ ఎన్నికల దాకా ఊళ్లలో పాలకవర్గాలు లేవు, ప్రత్యేకాధికారులే నడిపారు. ఇప్పుడు సర్పంచులు ఉన్నారు, సభ జరగలేదన్న సాకు వినాల్సిన పని లేదు.

పంచాయతీ దగ్గర డబ్బు లేదని చెప్తే, 15వ ఆర్థిక సంఘం పంచాయతీ నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కేటాయించిన సంగతి గుర్తుచేయండి. అందులో మీ ఊరికి ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అని అడగండి. ఆ లెక్క గ్రామసభ ముందు పెట్టాల్సిందే.

మండల, జిల్లా పరిషత్తుల పదవీకాలం 2024 జులైలో ముగిసింది. ఎంపీటీసీ, జడ్పీటీసీ అభ్యర్థులు గుమ్మం ముందుకు వచ్చినప్పుడు, పరిషత్ సమావేశంలో అధికారులను నిలబెట్టి ప్రతి ఊరి నీటి పరీక్ష ఫలితాలు చదివిస్తారా అని అడగాలి. కాలువలు, రిజర్వాయర్లు, సొరంగాలు ఎమ్మెల్యే వంతు, రాష్ట్ర ప్రభుత్వం వంతు. ఆ ప్రశ్నను ఆ ఎన్నికకు దాచుకోండి, మరచిపోవద్దు.

ఏ ఎన్నికైనా ఒక మెలకువ పనికొస్తుంది. టీఎంసీల్లో మాట్లాడే నాయకుడిని మిల్లీగ్రాముల్లోకి దించండి. మీ బోరులో ఎంత, ట్యాంకులో ఎంత, ప్లాంటు క్యాన్‌లో ఎంత, అంగన్‌వాడీ, బడి వంటగదుల్లో వాడే నీళ్లలో ఎంత? ఈ నాలుగు అంకెలు తేదీతో సహా పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయిస్తానని మాట ఇవ్వగలరా?

ఆ అంకె తెలుసుకోవడానికి పెద్ద ల్యాబు అక్కర్లేదు. ఊళ్లలో నీటి పరీక్షకు ఇచ్చే చిన్న కిట్టు చాలు. గాజు గొట్టంలో నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తే గులాబీ రంగు వస్తుంది. ఫ్లోరైడ్ ఎక్కువైన కొద్దీ ఆ గులాబీ పసుపుకు తిరుగుతుంది. అనుమానం వస్తే సీసాలో పట్టి జిల్లా ల్యాబుకు పంపించొచ్చు.

ఈ ఏడాది పుట్టిన పాపకు పాలపళ్లు ఊడి గట్టి పళ్లు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఆ పళ్లు ఇప్పటి నుంచే చిగుళ్ల లోపల తయారవుతున్నాయి. మనం ఎన్నుకునేవారి పదవీకాలం అయిదేళ్లు. ఆ పాప నవ్వినప్పుడు పళ్ల మీద పసుపు చార కనిపించే నాటికి, ఈసారి ఓటడిగినవాళ్లు దిగిపోయి ఉంటారు. అందుకే ఆ పసుపు రంగును పోలింగ్‌కు ముందే గాజు గొట్టంలో చూడాలి.