ఆరవ ఫారం: ఆ ఏడాదిన్నర చదువు

ఎస్.పి.ఎం. ఫలితాలు వచ్చిన వారం మన ఇళ్ళలో ఒకటే మాట: "ఇక వీడిని ఏం చదివిద్దాం?" రబ్బరు చెట్లు గీసి, కొబ్బరి తోటల్లో కాయలు ఏరి మన వాళ్ళను పెంచిన పెద్దలలో చాలామందికి ఈ ప్రశ్నే ఎదురు కాలేదు. ఎస్టేటు బడితోనే వారి పిల్లల చదువు సరి. నేడు ప్రశ్న వచ్చిందంటే అదృష్టమే. కాని జవాబు మాత్రం బంధువుల మాట విని, లేదా ఎవరో చేతిలో పెట్టిన రంగుల కాగితం చూసి చెప్పేస్తున్నాము. అందుకే ఆరవ ఫారంలో పిల్లల చేత ఏమి చేయిస్తారో కొంత వివరంగా వ్రాయదలచాము.

ఈ చదువు చివర వచ్చేది ఎస్.టి.పి.ఎం. పూర్వం దీని స్థానంలో కేంబ్రిడ్జి వారి హెచ్.ఎస్.సి. ఉండేది. 1982 నుండి మలేషియా పరీక్షల మండలి వారే ఎస్.టి.పి.ఎం. జరుపుతున్నారు. మొదట చదువంతటికీ చివర ఒక్కటే పరీక్ష. 2012లో పద్ధతి మారి, ఏడాదిన్నర కాలం మూడు సెమిస్టర్లయింది. ఒక్కో సెమిస్టరుకు వేరే పరీక్ష.

"ఎస్.పి.ఎం.లో తొమ్మిది సబ్జెక్టులు చదివినవాడికి ఇక్కడ నాలుగేనా?" అని ఒక తల్లి మమ్మల్ని అడిగారు. నిజమే, చాలామంది తీసుకునేవి నాలుగే. కాని లోతు వేరమ్మా. రసాయన శాస్త్రమే తీసుకోండి. మొదటి సెమిస్టరులో భౌతిక రసాయనం, రెండవదానిలో అకర్బనం, మూడవదానిలో కర్బన రసాయనం. గణితంలో మొదటి సెమిస్టరులోనే మాత్రికలు, సంకీర్ణ సంఖ్యలు, సదిశలు వస్తాయి; తరువాత కలన గణితం, ఆపైన సంభావ్యత, గణాంకాలు. ఇవి విశ్వవిద్యాలయపు మొదటి ఏటి పాఠాలకు గుమ్మం వంటివి. సూత్రం కంఠస్థం చేసి ఎస్.పి.ఎం.లో 'ఎ' తెచ్చుకున్న పిల్లలు ఇక్కడ మొదటి సెమిస్టరులో 'సి' చూసి ఏడ్చిన సందర్భాలు మేము ఎరుగుదుము. ఆ ఏడుపు అక్కడే రావడం మంచిది. తక్కువ వచ్చిన పేపరు మళ్ళీ వ్రాసుకునే వీలు ఆరవ ఫారంలో ఉన్నది.

కళల విభాగం వారికి సులువని అనుకోవద్దు. చరిత్రకు, ఆర్థిక శాస్త్రానికి పేజీలకొద్దీ వ్యాసాలు వ్రాయాలి. తన వాదం తానే నిలబెట్టుకోవాలి.

అందరికీ తప్పనిసరి అయినది పెంగజియన్ ఆమ్, అంటే సాధారణ విజ్ఞానం. దేశ పాలన, సమాజం, ప్రపంచ వ్యవహారాలు ఇందులో వస్తాయి. విద్యార్థి వివరాలు సేకరించి, నివేదిక తయారు చేయవలసిన పని కూడా ఉన్నది. సైన్సు పిల్లలు దీనిని చిన్నచూపు చూస్తారు. లెక్క వేసి చూడండి: 'ఎ'కు 4.00, 'సి'కి 2.00. మూడు సబ్జెక్టులలో 'ఎ', ఇందులో 'సి' వస్తే మొత్తం 14; నాలుగుతో భాగిస్తే సగటు 3.50. గిరాకీ ఉన్న కోర్సులకు పోటీ పడేవారికి ఆ అర పాయింటు చాలా పెద్దది.

దీనితోపాటు ఇంగ్లీషుకు ముయెట్ పరీక్ష వ్రాయాలి: చదవడం, వ్రాయడం, వినడం, మాట్లాడడం. మన పిల్లల సంగతి ఆలోచించండి. ఇంట్లో తెలుగు, ప్రాథమిక బడిలో తమిళం, సెకండరీలో మలయ భాష, పైచదువులో ఇంగ్లీషు! ఇన్ని భాషలు మోసేవాడిని మందమతి అనడానికి మనకు నోరెలా వస్తుందో!

మెట్రిక్యులేషన్ ఒక్క ఏడాదితో ముగుస్తుంది కదా అంటారు. స్థలం దొరికితే సంతోషమే, కాని అక్కడ మనవారికి స్థలాలు పరిమితం. ఆరవ ఫారం ప్రభుత్వ పాఠశాలలోనే జరుగుతుంది, ఖర్చు స్వల్పం. అప్పు చేసి డిప్లొమాకు పంపి, సగంలో మానిపించి, అప్పు మాత్రం మిగుల్చుకున్న కుటుంబాలను చూశాము గనుక ఇంత గట్టిగా చెబుతున్నాము. పైగా ఎస్.టి.పి.ఎం.ను విదేశీ విశ్వవిద్యాలయాలు అనేకం గుర్తిస్తాయి.

అయితే ప్రతి పిల్లవాడినీ ఇందులోకి తోయమని మేము అనడం లేదు. చేతిపనిలో నేర్పు ఉన్నవాడికి మంచి వృత్తి శిక్షణే మేలు. వాడిని ఇక్కడ కూర్చోబెడితే ఏడాదిన్నర వృథా.

పంపదలచినవారు ఇంట్లో కొన్ని సర్దుబాట్లు చేసుకోవాలి. చదువుకోవడానికి ఒక బల్ల, రాత్రి పది వరకు టెలివిజను గొంతు తగ్గించడం, మొదటి సెమిస్టరు మార్కులు చూసి బంధువుల ముందు చిన్నబుచ్చకపోవడం. పరీక్షల వారంలో పెళ్ళి పిలుపు వస్తే తల్లిదండ్రులు వెళ్ళి అక్షతలు వేసి రావచ్చు. పిల్లవాడు రాలేదని పెళ్ళివారు ఏమీ అనుకోరు. అనుకుంటే మా పేరు చెప్పండి!