దూరపు పరుగు, దేశాభిమానము, మందుల అనుమానము

మూడు వైపుల ఆంధ్రదేశము చుట్టియుండగా, కచేరీలో కన్నడమును ఇంట తెలుగును మాటలాడుకొనుచు కాలము గడుపుచున్న మా పావగడ తాలూకాలో, దసరా క్రీడలు వచ్చినపుడు నాగలమడికె హోబళి (కొన్ని ఊళ్ళ కూటమి) వారు వై.ఎన్.హొసకోట హోబళివారి పరుగును, వారు వీరి పరుగును శంకించుట క్రొత్త కాదు. గెలిచినవాడు తమవాడైనచో తల్లి పెట్టిన రాగిముద్ద బలమనియు, ఎదుటి పక్షమువాడైనచో ఏదో సూదిమందు ప్రభావమనియు అనుకొనుట మనుష్యస్వభావములోనిదే. బెంగళూరులో 2008వ సంవత్సరమున ప్రారంభమైన పది కిలోమీటర్ల అంతర్జాతీయ పరుగును టీవీలో చూచునపుడు ఆ హోబళి అభిమానమే దేశాభిమానముగా పెరుగును. ముందు పోవుచున్న కెన్యా, ఇథియోపియా దేశీయులను చూచి "వీరంతా మందులు వేసుకొన్నవారే" అని ఒకరనగా పదిమంది తల లూపుదురు. పోలీసు ఎంపికకో సైన్యపు ఎంపికకో తెల్లవారుజామున రోడ్డు వెంట పరుగెత్తి వచ్చి ఆ మాట వినుచున్న పడుచువాడు మాత్రము దానినుండి వేరొక పాఠము నేర్చుకొనుచున్నాడు: మందు లేనిదే గెలుపు లేదని. కావుననే ఈ విషయమున ప్రచారములోనున్న అపోహలను ఒకమారు వాస్తవములతో సరిచూచుట అవసరమని నా నమ్మకము.

అపోహ: తూర్పు ఆఫ్రికా దేశీయుల గెలుపంతయు మందుల మహిమయే.

కెన్యాలో దోషులు లేరని ఎవ్వరును అనజాలరు. బోస్టన్, చికాగో మారథానులను గెలిచిన రీటా జెప్టూ 2014లో ఎపో అను రక్తవృద్ధి ఔషధముతో పట్టుబడినది. 2016 రియో ఒలింపిక్ మారథానులో స్వర్ణపతకమందిన జెమీమా సుంగోంగ్ మరుసటి యేడే అదే ఔషధముతో దొరికి నిషేధింపబడినది. అయినను ఆ దేశీయుల పరుగుకు మూలము ఔషధమే యనువారు కాలక్రమమును విస్మరించుచున్నారు. అబెబె బికిలా రోము నగరపు రాళ్ళబాటలపై వట్టి కాళ్ళతో పరుగెత్తి 2 గంటల 15 నిమిషముల 16 సెకండ్లలో మారథాను ముగించినది 1960లో; కిప్ కెయినో మెక్సికోలో 1500 మీటర్ల స్వర్ణమును గెలిచినది 1968లో; ఎపో ఔషధరూపమున అంగడికెక్కినదో, 1980ల చివరి భాగమున. కెన్యాలోని ఇటెన్ పట్టణము సముద్రమట్టమునకు సుమారు 2,400 మీటర్ల యెత్తుననున్నది. ఇథియోపియాలోని బెకోజీ అను చిన్న ఊరు దెరార్తు తులును, కెనెనిసా బెకెలెను, తిరునేష్ దిబాబాను లోకమునకిచ్చినది. ప్రాణవాయువు పలుచగానుండు అట్టి తావులలో పుట్టి, పరుగుతప్ప బ్రతుకుతెరువునకు వేరు మార్గము కానరాక, వేలకొలది యువకులు ఒకరితో నొకరు పోటీపడుచు సాధనచేయుచుండగా వారిలో కొందరు లోకోత్తరులగుట వింత కాదు. మన దూరపు పరుగువారును ఊటీకి శిక్షణకై పోవునది ఆ యెత్తుకొరకే.

ఇచ్చట రూత్ చెప్‌న్గెటిచ్ ఉదంతము కొంత నిదానముగా చూడదగినది. 2024 అక్టోబరులో చికాగోలో ఆమె 2 గంటల 9 నిమిషముల 56 సెకండ్లలో మారథాను ముగించి, 2 గంటల 10 నిమిషములలోపు పరుగెత్తిన మొదటి స్త్రీగా నిలిచినది. 2025 మార్చి 14న ఆమెనుండి తీసిన నమూనాలో హైడ్రోక్లోరోథయజైడ్ అను, మూత్రమును వృద్ధిచేయు మందు దొరికినది. ఇతర ద్రవ్యముల జాడలను చెరపుటకు ఉపకరించునది కావున అది నిషిద్ధము. మిల్లీలీటరునకు 20 నానోగ్రాములు మించిననే ప్రకటింపవలసిన చోట ఆమె నమూనాలో సుమారు 3,800 ఉన్నట్లు తేలినది. పనిమనిషి మందును పొరపాటున వేసుకొంటినని ఆమె చెప్పుకొన్నను, మూడేండ్ల నిషేధము పడినది. అయినను చికాగో రికార్డు రద్దు కాలేదు. ఏలయన ఆ నమూనా తీసిన దినము మొదలు వచ్చిన ఫలితములు మాత్రమే రద్దగును గాని, దానికి ముందరి పరుగులను అనుమానమాత్రముచే తుడిచివేయు అధికారము ఎవ్వరికిని లేదు. ఇది పలువురకు కష్టముగా తోచినది, నాకును తోచినది. అయినను సాక్ష్యము లేనిచోట శిక్ష లేకుండుటయే న్యాయము. ఆ న్యాయము మన పిల్లలకు కావలెననుకొన్నచో పరదేశీయులకును ఉండవలసినదే.

అపోహ: మనవారు అమాయకులు, మందులు పరదేశీయుల విద్య.

నన్ను ఎక్కువగా బాధించు అపోహ ఇదియే. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలయందు, గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలయందు మన స్త్రీలు 4×400 మీటర్ల రిలేలో స్వర్ణము గెలిచినపుడు దేశమంతయు ఉప్పొంగినది. ఆ జట్టులో మన కర్ణాటకకు చెందిన అశ్వినీ అక్కుంజె గ్వాంగ్‌జౌలోనే 400 మీటర్ల హర్డిల్సు స్వర్ణమును గూడ తెచ్చినది. మరుసటి వేసవిలో ఆమెయు, సినీ జోస్, మన్‌దీప్ కౌర్ మొదలగు మరికొందరును స్టెరాయిడ్లతో పట్టుబడిరి. శిక్షకుడైన యూరీ ఒగొరోద్నిక్ ఉక్రెయిన్ దేశీయుడగుటచే నిందయంతయు ఆయనపైకి పోయినది, ఆయనను తొలగించిరి. చైనాలో కొన్న జిన్సెంగు గుళికలలో కల్తీయున్నదని పరుగుకత్తెలు వాదించిరి. మన దేశపు విచారణసంఘము ఏడాది నిషేధముతో సరిపెట్టగా, అంతర్జాతీయ అథ్లెటిక్ సమాఖ్య అప్పీలుపై క్రీడల మధ్యవర్తిత్వ న్యాయస్థానము 2012 జులైలో దానిని రెండేండ్లకు పెంచినది. దొరికినది పరదేశీయులైనచో జాతికంతటికి కళంకమనియు, మనవారైనచో కల్తీ గుళిక తప్పనియు చెప్పుట ఒకే తక్కెడకు రెండు రాళ్ళు పెట్టుట వంటిది.

ఆ ఘట్టము గడచిపోయినదని ఊరడిల్లుటకును వీలు లేదు. ప్రపంచ ఉత్ప్రేరక నిరోధక సంస్థ, అనగా వాడా, ప్రకటించిన లెక్కల ప్రకారము 2023లో భారతదేశమునుండి పరీక్షించిన 5,606 నమూనాలలో 213, 2024లో 7,113 నమూనాలలో 260 నిషిద్ధద్రవ్యములతో తేలినవి. నూటికి మూడుకు పైగా నున్న ఈ పాలు, పెద్దయెత్తున పరీక్షలు జరుపు దేశములన్నిటిలోను ఎక్కువ. పరీక్షలు పెంచితిమి గనుక దొరుకుట పెరిగినదను సమాధానము వినబడుచున్నది. పరీక్షలు పెరిగినచో దొరికినవారి సంఖ్య పెరుగవచ్చును గాని, నూటికింతయను పాలు అంత యెత్తున ఎందుకుండవలెనను ప్రశ్నకు అది సమాధానము కాదు. 2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్ పోటీలు జరిగిన మైదానపు మరుగుదొడ్డిలో వాడిపారవేసిన సిరంజిలు కనబడినవి. నాడా, అనగా మన జాతీయ సంస్థ, అధికారులు వచ్చిరని తెలియగానే పరుగువీరులు పలువురు తొలగిపోగా, పురుషుల 100 మీటర్ల ఫైనలులో ఒక్కడే పరుగెత్తినాడు. స్టీపుల్‌ఛేజు పందెమున ఒక చిన్నపిల్ల ముగింపుగీత దాటిన పిదపను నిలువక, నమూనా తీయవచ్చిన అధికారి వెంటబడగా పరుగెత్తుచునే యుండెనను వార్త చదివినపుడు, ఆ బిడ్డను ఆ స్థితికి తెచ్చిన పెద్దలెవరని నా మనస్సు కలతపడినది. తన వయస్సువారు పాఠశాల మైదానమున ఆడుకొను దినములలో ఆమె ఒక మనిషిని తప్పించుకొనుటకు పరుగెత్తవలసివచ్చినది.

ఒక దేశమే దోషిగా నిలిచిన ఉదాహరణయు లేకపోలేదు, అది రష్యా. 2014 సోచి శీతకాల క్రీడలలో ప్రభుత్వ యంత్రాంగమే రాత్రివేళ ప్రయోగశాల గోడలోని కంతగుండా సీసాలను మార్పించినదని పిదప బయటపడినది. రష్యా అథ్లెటిక్ సమాఖ్య 2015 నవంబరు మొదలు 2023 మార్చి వరకు బహిష్కృతమైయుండెను. అయితే అక్కడ దేశమునకు పడిన శిక్ష సాక్ష్యముపై పడినది, ముఖము చూచి పడినది కాదు.

అపోహ: డోపింగు కండలు పెంచువారికే, దూరపు పరుగులో మందుకు పని లేదు.

కండ పెరిగినచో బరువు పెరుగును, బరువు దూరపు పరుగునకు శత్రువు, ఇంతవరకు నిజమే. కాని దూరపు పరుగులో గెలుపోటములను నిర్ణయించునది రక్తము మోయగల ప్రాణవాయువు. ఎఱ్ఱకణములను పుట్టింపుమని ఎముకల మజ్జకు ఆజ్ఞనిచ్చు ఎపోను మన మూత్రపిండములే స్వయముగా తయారుచేయును. దానిని కృత్రిమముగా సూదితో ఎక్కించినచో కణములు పెరిగి, అలసట వెనుకకు జరుగును. ఎపో రాకకు పూర్వము, తీసి దాచిన తమ రక్తమునే పందెమునకు ముందు మరల ఎక్కించుకొనువారు. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో 10,000 మీటర్ల రజతము, 5,000 మీటర్ల కాంస్యము గెలిచిన ఫిన్లండు వీరుడు కార్లో మానింకా తాను రక్తము ఎక్కించుకొంటినని తరువాత ఒప్పుకొన్నాడు. అప్పటికి అది నిషేధింపబడలేదు. కణములు మితిమీరినచో రక్తము చిక్కబడి, గడ్డకట్టి, గుండెనో మెదడునో దెబ్బతీయగలదు. చెమట కారి నీరు తరిగిన శరీరమునకు ఆ ప్రమాదము మరింత హెచ్చు.

అపోహ: పరీక్షలో దొరకనివాడు నిర్దోషియే, దొరికినవాడెవడో సీసా మార్చియుండును.

నమూనా తీయు పద్ధతి తెలిసినవారు ఈ మాట అనజాలరు. పందెము ముగిసినది మొదలు ఒక వ్యక్తి ఆటగాని వెంటనే యుండును. ముద్రవేసిన పెట్టెలలోనుండి తనకు నచ్చినదానిని ఆటగాడే ఎన్నుకొనును. అధికారి చూచుచుండగా కనీసము 90 మిల్లీలీటర్ల మూత్రమునిచ్చి, తన చేతులతోనే 'ఏ', 'బి' అను రెండు గాజుసీసాలలో నింపి మూత బిగించును. సంఖ్యలను సరిచూచి సంతకము చేయును. ప్రయోగశాలకు చేరునది సంఖ్యయే గాని పేరు కాదు. 'ఏ' సీసాలో దోషము తేలినచో 'బి' సీసాను తన యెదుటనే తెరువుమని కోరు హక్కు ఆటగానికి కలదు. సోచిలో ఇది భగ్నమైనదన్నచో, అచ్చట కాపలాదారే దొంగయై యుండెను గనుక.

ఇక దొరకకుండుటను గూర్చి: కొద్దిపాటి మోతాదులలో తీసికొన్న ఎపో జాడ ఒకటి రెండు దినములకే మరుగుపడవచ్చును. అందుచేతనే 2009 నుండి ఆటగాని రక్తలెక్కలను ఏండ్ల తరబడి వరుసగా నమోదుచేయు 'బయోలాజికల్ పాస్‌పోర్ట్' వచ్చినది. చికాగోలో 2009, 2010, 2011 మూడేండ్లును గెలిచిన రష్యా వనిత లిలియా షోబుఖోవా ఈ లెక్కలచేతనే పట్టుబడి ఆ విజయములను పోగొట్టుకొన్నది. నమూనాలను పదేండ్లవరకు దాచి మరల పరీక్షింపవచ్చును. 2012 లండను ఒలింపిక్స్‌లో స్త్రీల 1500 మీటర్ల పందెమున మొదటి రెండు స్థానములు పొందిన తుర్కీ వనితలిద్దరును పిదప ఆ రక్తలెక్కలచేతనే పతకములు కోల్పోగా, ఆనాడు మూడవదిగా వచ్చిన బహ్రెయిన్ వనిత మరియం జమాల్ స్వర్ణాధికారిణియైనది. న్యాయము జరిగినదే గాని, క్రిక్కిరిసిన మైదానమున స్వర్ణమునందుకొను ఆ ఘడియను ఆమెకు ఎవ్వరును తిరిగి ఇయ్యలేరు.

అపోహ: మూలికలు, నాటుమందులు, బలపు పొడులు నిరపాయము.

1993లో చైనా శిక్షకుడు మా జున్‌రెన్ శిష్యురాలు వాంగ్ జున్‌షియా 10,000 మీటర్లను 29 నిమిషముల 31.78 సెకండ్లలో ముగించి, పాత రికార్డును దాదాపు 42 సెకండ్లు తగ్గించినపుడు, తాబేటి రక్తమును, గొంగళిపురుగుపై మొలచు శిలీంధ్రమును తన రహస్యములుగా ఆ శిక్షకుడు చెప్పుకొన్నాడు. 2000 సిడ్నీ క్రీడలకు ముందు రక్తపరీక్షల అనంతరము ఆయన శిష్యురాండ్రలో పలువురు చైనా జట్టునుండి తొలగింపబడిరి. పొడి డబ్బాపై ఏమి వ్రాసియున్నను, దానిలో నిజముగా నేమున్నదో పరుగెత్తువానికి తెలియదు; నియమము మాత్రము ఒక్కటే, శరీరములో దొరికినదానికి ఆ శరీరము గలవాడే బాధ్యుడు. తుమకూరులోనో హిందూపురములోనో మెడికల్ షాపులో చీటీ లేకుండ కొన్న జలుబుమాత్రలో సూడోఎఫెడ్రిన్ ఉండవచ్చును; పోటీదినమున అది పరిమితి మించినచో దోషమే.

రోగికి మందు వలదని ఏ నియమమును చెప్పలేదు. మధుమేహమున్నవాడు ఇన్సులిన్ తీసికొనుచు పరుగెత్తవచ్చును. డాక్టరు చీటీతోను పరీక్షల కాగితములతోను నాడాకు ముందుగా అర్జీ పెట్టుకొని చికిత్సార్థపు మినహాయింపు పొందినచో, ఆ సూది అతనికి తప్పు కాదు, అతని గెలుపును శంకించు హక్కు ప్రక్క హోబళివానికిని లేదు.