ఒక్కరోజు నడకయాత్ర

మీరు రాయ్‌పూర్ దగ్గర ఉర్లా పారిశ్రామికవాడలో పనిచేస్తున్నారనుకోండి. ఫిబ్రవరి నెలాఖరు. వచ్చే సెలవురోజున పదిమందీ కలిసి ఎక్కడికైనా వెళ్ళాలనుకున్నారు. ఒకరు పాత గుళ్ళు చూద్దామన్నారు. ఒకరు జలపాతం అన్నారు. ఇంకొకరు అడవిపూలు అన్నారు. మూడూ ఒకే రోజున చూడగలమా? ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. ఋతువును బట్టి చోటు

గరియాబంద్ జిల్లాలోని ఘటారాణి, జత్మయి జలపాతాలకు వానే ఆధారం. వానాకాలంలో నిండుగా దూకే నీరు వేసవి దగ్గరపడేకొద్దీ సన్నగిల్లుతుంది. మోదుగచెట్టు సంగతి వేరు. అది ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు రాల్చి కొమ్మల నిండా ఎర్రగా పూస్తుంది. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో దీనిని పరసా అంటారు. నిండు జలపాతం, మోదుగపూలు ఒకే యాత్రలో దొరకవు. కాబట్టి ఇప్పుడు పూలను, పాత గుళ్ళను ఎంచుకోండి. జలపాతాన్ని వానాకాలానికి ఉంచండి.

2. సిర్పూర్‌లో ఏమి చూడాలి?

సిర్పూర్ రాయ్‌పూర్‌కు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, మహానది ఒడ్డున ఉంది. అంతవరకు వాహనంలో వెళ్ళి, అక్కడ నడవండి. పూర్వం దీని పేరు శ్రీపురం. ఇది దక్షిణ కోసల రాజధాని. ఇక్కడి లక్ష్మణ దేవాలయాన్ని 7వ శతాబ్దంలో వాసటా రాణి తన భర్త హర్షగుప్తుని జ్ఞాపకార్థం కట్టించింది. పేరు లక్ష్మణునిదైనా ఇది విష్ణ్వాలయం. గోడలు ఇటుకవి, ద్వారబంధం రాతిది. ఇటుకల మీది చెక్కడాన్ని గమనించండి. చేతితో తాకవద్దు.

మార్చిలో వెళితే ఇప్పచెట్ల కింద నేల శుభ్రం చేసి ఉండడం చూస్తారు. రాలిన పూలు ఏరుకోవడం ఆ ఊరివారి జీవనోపాధి. ఆ పూలను తొక్కకండి.

3. జట్టు నియమాలు

జట్టులో అందరికంటే నెమ్మదిగా నడిచే వ్యక్తి నడకే జట్టు నడక కావాలి. అలసినవారు తరచు మొగమాటపడి ఆ మాట చెప్పరు. అనుభవమున్న ఒకరు ముందు, మరొకరు చివర నడవండి. ఆగిన ప్రతిచోటా తలలు లెక్కించండి. తాగేనీరు ఎవరిది వారే మోయాలి. తిరుగు ప్రయాణం వేళ ముందే నిర్ణయించుకోండి. ఆలస్యమైతే చూడవలసిన చోటు వదులుకోండి, ఆ వేళను మాత్రం మార్చకండి.

వానాకాలంలో జలపాతం దగ్గర మరొక జాగ్రత్త అవసరం. నీరు ఉన్నట్టుండి బురదగా మారినా, పుల్లలు, ఆకులు కొట్టుకువచ్చినా వెంటనే గట్టెక్కండి. మీ నెత్తిన ఎండ కాస్తున్నా పైన ఎక్కడో వాన కురిసి ఉండవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నిండు జలపాతం, మోదుగపూలు ఒకే యాత్రలో ఎందుకు దొరకవు?
2. జట్టు ఎవరి నడకను అనుసరించాలి? ఎందుకు?
3. మీ ఊరి నుంచి ఒక్కరోజులో వెళ్ళిరాగల చోటు ఒకటి ఎంచుకుని, ఏ నెలలో వెళ్ళాలో కారణంతో ఐదు వాక్యాలు రాయండి.