మీకు తెలుసా? ఈ టీకా తిరుగు ప్రయాణం కోసం!

ట్రినిడాడ్ దీవికి బయలుదేరేవాళ్లు టికెట్లు, హోటళ్ల హడావిడిలో మరిచిపోయేది ఎల్లో ఫీవర్ టీకా. విచిత్రమేమిటంటే, మన దేశం నుంచి వెళ్లేవారిని ఆ దీవి సాధారణంగా ఈ టీకా పత్రం అడగదు. అడిగేది తిరిగొచ్చాక మన విమానాశ్రయమే! ఆ దీవి వదిలిన 6 రోజుల్లోపు పత్రం లేకుండా ఇక్కడ దిగితే, ఆ గడువు తీరేదాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు. మన దగ్గర లేని జబ్బుకు ఇంత రాద్ధాంతమా అనిపించవచ్చు. లేదు కాబట్టే ఇంత పట్టుదల. ట్రినిడాడ్ అడవుల్లో కోతులకు ఈ వైరస్ సోకిన చరిత్ర ఉంది. దాన్ని మనుషుల మధ్య వ్యాపింపజేయగల ఈడిస్ ఈజిప్టై, అదే మన డెంగీ దోమ, ఇక్కడ వీధివీధినా ఉంది. రావలసింది వైరస్ ఒక్కటే.

బీచ్ దాటి అడవి వైపు వెళ్లం కదా అంటే, నిబంధన చూసేది ఏ దేశం నుంచి వచ్చారన్నదే. అక్కడ ఎక్కడ తిరిగారని కాదు. పైగా టీకా వేయించుకున్న 10 రోజులకుగానీ పత్రం చెల్లదు కనుక చివరి నిమిషపు పరుగు పనికిరాదు. 2016 నుంచి మాత్రం ఒక్క డోసు జీవితాంతం చెల్లుతోంది. ఇది సజీవ వైరస్ టీకా. గర్భిణులు, గుడ్డు పడనివారు, 60 దాటినవారు ముందు డాక్టరును అడగాలి. ఏ ఆసుపత్రిలో పడితే అక్కడ వేయరు, గుర్తింపు పొందిన కేంద్రాల్లోనే. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటిదే.