అర్నో బాబజన్యన్: కచేరీ పియానో నుంచి ట్విస్ట్ పాట దాకా

‘ఆరాధన’ (1962)లో అక్కినేని పియానో ముందు కూర్చుని పాడే పాట తెలుగువాళ్లు ఇంకా మరిచిపోలేదు. దానికి బాణీ కట్టిన సాలూరి రాజేశ్వరరావు రాగాన్నీ పాశ్చాత్య వాద్యాన్నీ ఒకచోట కూర్చినా మనకు ఎబ్బెట్టనిపించలేదు. ఆయనకంటే ఏడాది ముందు, 1921 జనవరిలో, ఆర్మేనియాలోని యెరెవాన్‌లో పుట్టిన అర్నో బాబజన్యన్‌కు ఆ పని అంత తేలిక కాలేదు.

కిండర్‌గార్టెన్‌లో ఉండగానే అతనిలోని సంగీతాన్ని స్వరకర్త అరామ్ ఖచతుర్యన్ గుర్తించాడని చెబుతారు. పుట్టినరోజు కథ ఇంకా చిత్రమైనది. అసలు తేదీ జనవరి 21. అది లెనిన్ చనిపోయిన రోజు. సంతాప దినాన వేడుకలెందుకని ఇంట్లోవాళ్లు 22కు మార్చుకున్నారట.

మాస్కో కన్సర్వేటరీలో పియానో చదువు ముగిశాక, 1950లో పియానో, ఆర్కెస్ట్రాల కోసం రాసిన ‘వీరగాథ’ అతనికి స్టాలిన్ బహుమతి తెచ్చింది. 1952 నాటి పియానో ట్రయోను ప్రఖ్యాత వయొలిన్ విద్వాంసుడు డేవిడ్ ఓయిస్ట్రఖ్‌తో, చెల్లో వాదకుడు క్నుషెవిత్స్కీతో కలిసి తానే వాయించాడు. ఆర్మేనియా జానపద బాణీల దిగులు, రష్యన్ రొమాంటిక్ సంగీతపు నిండుదనం రెండూ అందులో ఉన్నాయి. బాబజన్యన్‌ను కొత్తగా వినేవారు దానితో మొదలుపెట్టడం మంచిది.

ఆ మరుసటి ఏడాదే రక్త కాన్సర్ బయటపడింది. దాంతోనే ముప్పై ఏళ్లు బతికాడు, రాస్తూనే ఉన్నాడు.

1960లలో అతను సినిమా పాటల వైపు, ట్విస్ట్ వైపు తిరిగాడు. సోవియట్ అధికారులకు ట్విస్ట్ గిట్టని రోజులవి. 1964లో మాస్కో నగరం మీద కట్టిన ట్విస్ట్ పాట జనం నోళ్లలో నానింది. మరోపక్క 1965లో పియానోకు రాసిన ‘ఆరు చిత్రాలు’లో పన్నెండు స్వరాల పద్ధతిని వాడుకున్నాడు. ఒకే మనిషి ఈ రెండూ ఎలా రాశాడని పండితులు ఆశ్చర్యపోవచ్చు. నాకైతే రెండింటిలోనూ వేలికొసల్లో లయ ఉన్న పియానిస్టే వినిపిస్తాడు.

ఆ పాటలకు గొంతు ఇచ్చింది ముస్లిం మగొమాయెవ్, బాకు నగరానికి చెందిన అజర్‌బైజాన్ గాయకుడు. ఆర్మేనియన్ బాణీ, అజర్‌బైజానీ గొంతు. అప్పట్లో అందులో వింతేమీ లేదు. 1988లో నగోర్నో కరబాఖ్ గొడవ రాజుకున్నాక రెండు జాతులూ యుద్ధాల్లోకి దిగాయి. 2023లో అక్కడి ఆర్మేనియన్లు దాదాపు అందరూ ఇళ్లు వదిలి వెళ్లిపోయారు. ఈ రోజు అలాంటి జంట కలిసి పాట చేయడం ఊహించడమే కష్టం.

బాబజన్యన్ 1983 నవంబరులో చనిపోయాడు. 2003లో యెరెవాన్ ఒపేరా దగ్గర అతని విగ్రహం పెట్టారు. పొడుగు ముక్కుతో, సాగదీసిన వేళ్లతో పియానో మీద వెనక్కి వాలిన ఆ రూపం చూసి, ఇది ఎగతాళి అని చాలామంది మండిపడ్డారు. విగ్రహం మాత్రం అక్కడే ఉంది.