ఈ-పంట నమోదులో కౌలు రైతు

చిత్తూరు, తిరుపతి జిల్లాల మెట్ట పొలాల్లో వేరుశనగ విత్తిన తరువాత రైతు చేయవలసిన పని నేడు మరొకటి ఉన్నది. అదే ఈ-పంట నమోదు. గ్రామ వ్యవసాయ సహాయకులు పొలానికి వెళ్లి సర్వే నంబరు, పంట, విస్తీర్ణం, విత్తిన తేదీలను ఫోనులో నమోదు చేసి ఫోటో తీస్తారు. అనంతరం రైతు వేలిముద్రతో ఈ-కేవైసీ పూర్తవుతుంది. పంటల బీమాకు, పెట్టుబడి రాయితీకి, మద్దతు ధరపై కొనుగోలుకు ఈ నమోదే ఆధారం.

చేతిరాత అడంగల్‌తో పోలిస్తే ఇందులో పొరపాట్లకు తావు తక్కువ. అయితే నోటిమాటపై కౌలు చేసే రైతుకు చిక్కు ఇక్కడే ఉన్నది. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం 11 నెలల సాగు హక్కు పత్రం పొందడానికి భూయజమాని అంగీకారం అవసరం. పంట యజమాని పేరుతో నమోదై, ఊడలు దిగే దశలో బెట్ట ఏర్పడితే, నష్టం విత్తినవానిది, పరిహారం యజమానిది అవుతుంది.

కావున కౌలు రైతులు విత్తడానికి ముందే పత్రం పొందాలి. రైతు సేవా కేంద్రంలో జాబితా ప్రదర్శించినప్పుడు తమ పేరును, అంతరపంటగా వేసిన కందితో సహా పంట వివరాలను సరిచూసుకోవాలి. ఆ పత్రం పంటకే పరిమితమని, సంతకం చేసినంత మాత్రాన భూమిపై తమ హక్కు పోదని యజమానులు గ్రహించాలి.